గోడ జరిపిన రోజు

గొందర్ కొండల మీద మా చర్చి గుండ్రంగా ఉంటుంది.
దాని చుట్టూ అడవి,
అడవి చుట్టూ మా టెఫ్ చేలు,
చేల చుట్టూ ఎండ.
విమానంలో పోయేవాళ్ళకి
మట్టిరంగు దుప్పటి మీద ఒలికిన
ఆకుపచ్చ సిరాచుక్కలా కనిపిస్తుందట.
నేను ఎక్కలేదు. విన్నమాట.

ఆ అడవిలో కొమ్మ విరవకూడదు.
చెప్పులు బయటే విడిచి, గొంతు తగ్గించి నడవాలి.
నేనొక రాత్రి గొడ్డలితో వెళ్ళాను.
నా కాడి విరిగింది, వాన ముంచుకొస్తోంది,
ఎద్దులు ఇంకొకడివి, గడువు నాలుగు రోజులు.
లోపల ఒక ఒలీవ
నా కాడి కొలత తెలిసినట్టే నిలబడి ఉంది.
చెప్పులు మాత్రం విడిచే వెళ్ళాను.
తలచుకుంటే ఇప్పటికీ
నవ్వూ సిగ్గూ ఒకేసారి వస్తాయి.

ఎద్దుల మెడ మీద కొత్త కొయ్య చూసి
అబ్బా గెబ్రెయెస్ కోప్పడలేదు.
వంగి వాసన చూశాడు.
"మంచి కొయ్య, అలెబెల్.
బరువు ఎద్దులకేనా, నీక్కూడా తెలుస్తోందా?"
మూడు రాత్రులు కన్ను మూతపడలేదు.
నాలుగో రోజు ఆయన కాళ్ళ దగ్గర ఉన్నాను.

ఉపవాసాలు చెబుతాడనుకున్నాను.
"నీ చేలో రాళ్ళున్నాయిగా," అన్నాడు,
"తెచ్చి అడవి చుట్టూ పేర్చు.
మేకలు మొలకల్ని బతకనివ్వడం లేదు."

మొదటి నెల ఒక్కో రాయికి ఒక్కో పాపం పేరు పెట్టాను.
రెండో నెలకి పేర్లు అయిపోయాయి,
రాళ్ళు అయిపోలేదు.
మూడో నెలలో, దారిన ఎవరైనా వస్తుంటే
పెద్ద రాయే ఎత్తడం మొదలుపెట్టాను.
నా భార్య ఇతగు కనిపెట్టేసింది.
"నడుం పడిపోతే పరిశుద్ధుడివి కావు,
మంచం పట్టినవాడివి అవుతావు," అంది
నూనె రాస్తూ.

గోడ నడుమెత్తు లేచిన ఏడు
నా నాగలి మొదటిసారి
ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా
ఎక్కడా టక్కుమనకుండా పోయింది.
ఆ చప్పుడు లేకపోవడం విని
నడిచాల్లో ఎద్దుల్ని ఆపేశాను.

పరుగున వెళ్ళి అడిగాను:
"అబ్బా, నేనిప్పుడు శుద్ధుణ్ణేనా?"
ఆయన గింజలు చెరుగుతున్నాడు. తలెత్తలేదు.
"గోడ అడవి కాదురా.
నువ్వు మేకల్ని ఆపావు, మొలకని లేపలేదు."
"మరి ఇంత ఎందుకు మోయించారు?"
"మంచివాడివని అనిపించుకోడానికి కాదు.
మంచివాళ్ళు ఊరినిండా ఉన్నారు,
వాళ్ళ చేలు వాళ్ళవే.
నువ్వు ఆయన నేలవి కావాలని."
చేట మళ్ళీ కదిలింది.
నాకు అర్థం కాలేదు. అయిందని తలూపాను.

అబ్బా పోయి పదకొండేళ్ళు.
ఈ వానలకి గోడకి ఇవతల,
నా చేలో,
ఏ పిట్ట రాల్చిన గింజో
జానెడు ఒలీవై లేచింది.
రెండు రోజులు దాని చుట్టూ దున్నాను.
మూడో రోజు దాని పక్కన కూర్చుండిపోయాను.
"పీకెయ్యనా నాన్నా?" అంది మా తిరుయె.
"వద్దు. గోడ జరుపుదాం."
"అయిదు చాళ్ళు పోతాయి!"
పోతాయి.
లెక్క నాకూ వచ్చు.
రాత్రి మళ్ళీ వేశాను, అయిదే వచ్చాయి.

గోడ విప్పుతుంటే
ఒక్కో రాయీ చేతికి గుర్తొచ్చింది,
పెట్టిన పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తురాలేదు.

ఆ దొంగ కాడి ఇంకా విరగలేదు.
దానితోనే దున్నుతున్నాను.

ఈ ఉదయం పనికి వచ్చి
ఎప్పటిలా అయిదు చాళ్ళ అవతలికి నడవబోయి
ఆగాను.
నిన్నటిదాకా ఇది నా నేల,
ఇక్కడే ఉమ్మాను, ఇక్కడే ఎద్దుల్ని తిట్టాను.
చెప్పులు చేతిలో పట్టుకుని
ఎక్కడ విడవాలో తెలియక
చాలాసేపు నిలబడ్డాను.
పాదాల కింద మట్టి చల్లగా ఉంది.